గీత కలపని బొమ్మ

మా చిన్నప్పుడు... చిత్తూరు బడిలో, డ్రాయింగ్ ఐవారు నా మామిడితోపు బొమ్మను కొళాయి కింద పట్టి కడిగేసిన రోజు, క్లాసంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను... ఏడిస్తే ఇంకో మాట పడేది కాబట్టి.

ఎన్నో రోజులు కూర్చుని ఒక్కో ఆకూ విడివిడిగా వేశాను. ఆకులకు ఈనెలు కూడా. ఐవారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏమ్మే, ఆకులెన్నుండాయో తాసిల్దారు అడిగినాడా నిన్ను?"

"లేదు సార్."

"మరి గాలి యాడ పోయింది? ఊపిరాడక సచ్చినట్టుండాయి సెట్లు!"

ఆ తర్వాతే కొళాయి. పచ్చరంగంతా కాలవలో కలిసిపోయాక, తడి కాగితాన్ని నా చేతిలో పెట్టి, "ఇప్పుడు దీని మింద వెయ్యి. నువ్వు గియ్యబాకు... నీళ్ళను పోనీ" అన్నారు.

గీతలో ఆ బిగుతు నాకు ఇంటి నుంచి వచ్చిన జబ్బు. మా అవ్వ, అంటే నాయన తల్లి, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వాకిట్లో ముగ్గు పెట్టించేది. చుక్కల చుట్టూ తిరిగిన గీత మళ్ళీ మొదలైన చోటికే వచ్చి కలవాలి. ఎక్కడైనా సందు మిగిలిందా... నెత్తిన మొట్టికాయ. "గీత కలపకుంటే దెయ్యం దూరతాదే ఇంట్లోకి!" అనేది. మా ఇంట్లోకి దెయ్యం ఎప్పుడూ రాలేదు. గడపలో అవ్వను చూసి వెనక్కి పోయేదేమో...

ఇంట్లో గీత కలపకపోతే మొట్టికాయ, బడిలో కలిపితే స్కేలు దెబ్బ. ఐవారు నా సన్న కుంచెను లాక్కుని లావుది ఇచ్చారు. దాని కొస పట్టుకుని, చెయ్యి చాచి, నిలబడి వేయాలి. మణికట్టు కాగితానికి ఆనితే వేళ్ళ గణుపుల మీద స్కేలు... అంచు వైపు. వాచిన వేళ్ళతో కుంచెను బిగించి పట్టడం ఎవరి తరం? అలా వదులైంది నా చెయ్యి. బోధనా పద్ధతులంటే అవీ!

ఆ ఏడు తిరుపతిలో బడిపిల్లలకు చిత్రలేఖనం పోటీ పెట్టారు. మా బడి నుంచి ఒక్క బొమ్మే పోతుంది. నాయన ముందే తేల్చి చెప్పేశాడు.

"నీ బొమ్మ తిరుపతికి పోతే సరి, ఇంకా నేర్చుకో. పోకుంటే ఆ రంగుల పెట్టె ఎవురికన్నా ఇచ్చేస్తా. సదువు సూసుకోవాల."

నాయన మాటంటే మాటే.

ఒక మధ్యాహ్నం అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కాగితం తడిపి, ఎదురుగా నిలబడి వేసేశాను. ఎండ పడిన చెంపకు గీతే పెట్టలేదు... కాగితం తెలుపు అలాగే వదిలేశాను. చీర రంగు జారి అరుగులో కలిసింది. కలవనిచ్చాను. ఆరాక చూస్తే... అవ్వే! ఆ మూతి విరుపుతో సహా.

మర్నాడు ఐవారు చూశారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో పట్టారు. కొళాయి వైపు మాత్రం పోలేదు. చివరికి, "మీ నాయనకు సూపిచ్చి రేపు తీసకరా. ఇదే పోతాది" అన్నారు.

ఎగురుకుంటూ ఇంటికొచ్చి, నాయన వచ్చాక చూపిద్దామని బొమ్మను గూట్లో పెట్టి నీళ్ళకు వెళ్ళాను. బిందెతో తిరిగొచ్చేసరికి అవ్వ ఒళ్ళో నా బొమ్మ. వేళ్ళు నల్లగా ఉన్నాయి. పొయ్యిలోంచి తెచ్చిన బొగ్గుతో... నుదుటి దగ్గర మొదలుపెట్టి, తెల్లగా వదిలిన చెంప మీదుగా, గడ్డం కింది దాకా... గీత కలిపేసింది.

"ఏం చేసినావవ్వా!"

"ఏం చేసేది? నా మొగం సగం తుడిసిపెట్టినావు. బతికుండే మనిషిని ఎవురన్నా అట్ల ఏస్తారా? నన్ను యాడికి పంపీయాలనుకున్యావే? ఇప్పుడు సూడు... నిండుగా ఉండాది."

తుడవబోతే బొగ్గు ఇంకా పాకింది.

మర్నాడు అలాగే పట్టుకెళ్ళాను. "మా అవ్వ చేసింది సార్..."

"అట్లయితే మీ అవ్వనే పంపిస్తాం పోటీకి. నువ్వు పోయి చింతపండు ఒలుచుకో!"

క్లాసు మళ్ళీ నవ్వింది. ఐవారు బొమ్మను రెండుగా చించి నా బల్ల మీద పెట్టారు. తిరుపతికి వేరే పిల్ల వేసిన కాణిపాకం గోపురం వెళ్ళింది... ప్రతి గీతా స్కేలు పెట్టి గీసింది. దానికి ప్రైజు కూడా వచ్చింది.

నాయన మాట తప్పలేదు. రంగుల పెట్టె పక్కింటికి పోయింది. ఆ పూట అవ్వ నాకు ఇంకో సంగటి ముద్ద వేసింది. బాధపడిందనుకోకండి... మిగిలిపోయింది.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో చూసి నీళ్ళరంగులు నేర్చుకుంటోంది. నేర్పే ఆవిడ నవ్వుతూ, "భయపడకండి, ఇందులో తప్పులనేవే లేవు" అంటుంది. పిల్ల బొమ్మ పెట్టగానే లైకులే లైకులు... ఒక్కరైనా దాని ముందు ఆగి చూసిన జాడ లేదు.

ఐవారూ పోయారు, అవ్వా పోయింది. వాళ్ళను క్షమించానని ఎవరూ అనుకోవద్దు. కానీ నేను చేసిన పనిని అంత దగ్గరగా, అంత కోపంగా చూసినవాళ్ళు... ఆ తర్వాత నాకు ఎవరూ దొరకలేదు.

మీ బొమ్మనో, పాటనో పాడుచేసి పుణ్యం కట్టుకున్న పెద్దలుంటే కింద రాయండి. 'అయ్యో పాపం' అని మాత్రం నాకు పెట్టొద్దు... పడదు.