నాన్న పళ్ళపొడి పొట్లాలు

ప్రయాణపు బడలికతో హోటల్ గదిలో ఒక్కపూటకు సరిపడే టూత్‌పేస్ట్ ప్యాకెట్ చింపగానే ఖరగ్‌పూర్‌లోని మా రైల్వే క్వార్టర్ గుర్తొచ్చింది. నాన్న పట్టాల మరమ్మతుకని లైన్ మీదికి వెళ్ళేముందు అమ్మ రోజుకొకటి చొప్పున పళ్ళపొడి పొట్లాలు కట్టేది. లవంగం వాసన వచ్చేవి. పొట్లాలు అయిపోగానే నాన్న ఇంటికొస్తాడని నమ్మి, ఒకసారి ఆరింటిలో నాలుగు దాచేశాను. మూడో రోజంతా గుమ్మంలోనే కూర్చున్నాను.

నాన్న ఆరో రోజునే వచ్చాడు.

"పొట్లాలు రెండే ఎట్టినావేటే?" అని అమ్మనడిగాడు.

"ఆరు కట్టినాను కదా," అంది అమ్మ.

ఏడుస్తూ నిజం చెప్పేశాను.

"బొగ్గుతో తోమేసినాన్లే అమ్మీ," అని నన్ను ఒళ్ళోకి తీసుకుని, బూట్లయినా విప్పకుండా నిద్రపోయాడు. ఎప్పుడు ఇంటికి రావాలన్నది ఆయన చేతిలో లేదని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.