ఫంక్ అంటే ఫంక్షన్ కాదు

మా చిన్నమామయ్య పోయాడని పోయిన నెల అత్తయ్య పొద్దున్నే ఫోన్ చేసింది. "నిజంగానా?" అన్నాను. ఏ మాటనైనా రెండోసారి అడగందే నమ్మను నేను. "నిజమేనమ్మా, నిద్రలోనే," అంది. నా సంగతి ఆవిడకు తెలుసు.

తొంభైల్లో బెజవాడ చుట్టుపక్కల పెళ్లిళ్లకు వెళ్లినవాళ్లు మామయ్యను చూసే ఉంటారు. గుర్తుండకపోవచ్చు. ఆర్కెస్ట్రాలో పాడేవాళ్ల వెనక, డ్రమ్స్ పక్కన, బేస్ గిటార్‌తో నిలబడే సన్నటి మనిషి. ఒకసారి కంకిపాడు పెళ్లిలో, మంచి హుషారు పాట మధ్యలో, కావాలనే కాసేపు వాయించడం ఆపేశాడు. ఎగురుతున్న కుర్రాళ్ల అడుగులు తడబడ్డాయి. నావైపు చూసి కనుబొమ్మలెగరేశాడు.

"చూశావా? మన సినిమా పాటలకి మొహం మనదే. కాళ్లు, అదే ఈ బేస్ నడక, మాత్రం అమెరికా నల్లజాతి బ్యాండ్లది. డెబ్భైల్లోనే వాయించేశారు వాళ్లు."

"నీకెవరు చెప్పారు?"

"నా వేళ్లు."

"వేళ్ల సాక్ష్యం చెల్లదు మామయ్యా."

"ముందు అనుమానం పుట్టి తర్వాత నువ్వు పుట్టావే."

నేనప్పుడు ఎమ్మే చదువుతున్నాను. ఇంటర్ తప్పిన మనిషి, మద్రాసు దాటనివాడు ఇంత మాట ఎలా అంటాడని నా అనుమానం. గొప్పలనుకున్నాను.

ఆ వేసవిలో వాళ్లింట్లో రేడియో పాటలు రికార్డు చేసుకుందామని కేసెట్ వెతికాను. ఒకదాని మీద మామయ్య గుండ్రటి అక్షరాల్లో 'ఫంక్' అని ఉంది. ఫంక్షన్ అని రాయబోయి చోటు చాలక ఆపేశాడనుకున్నాను. ఎవరి పెళ్లి కచేరీయో, అలాంటివి పెట్టెనిండా ఉన్నాయి. దాని మీద ఆరు పాటలు ఎక్కించేశాను.

వారం తర్వాత అడిగాడు. "నా ఫంక్ కేసెట్ చూశావా?"

"ఏ ఫంక్షను?"

"ఫంక్షన్ కాదే, ఫంక్. ఆ అమెరికా బ్యాండ్ల సంగీతం పేరు. ఓడలో పనిచేసే మావాడు తెచ్చిచ్చాడు. ఇంకోటి దొరకదు."

చూడలేదన్నాను. అత్తయ్య పాత సామాన్లో వేసేసిందేమో అని కూడా అన్నాను. తర్వాత దాన్ని పెట్టె అడుగున దూర్చాను. మామయ్య మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తెలిసిపోయి ఊరుకున్నాడేమోనని, అప్పట్నుంచి ఆయన ప్రతి నవ్వునూ అనుమానంగా చూశాను.

రెండువేలు దాటాక, నెట్ సెంటర్లో ఆ పాత బ్యాండ్లు విన్నాను. ఆయన చెప్పిన కాళ్లు అక్కడ నడుస్తున్నాయి. వెళ్లి "నువ్వన్నది నిజమే" అనాలి. అంటే కేసెట్ మాట వస్తుంది. అనలేదు.

పెద్దకర్మ అయ్యాక అత్తయ్య ఒక కేసెట్ నా చేతిలో పెట్టింది. "నీకిమ్మన్నారు. ఏళ్ల తరబడి విన్నారమ్మా దీన్ని." 'ఫంక్' పక్కన వేరే ఇంకుతో 'షన్' అని చేర్చి ఉంది. లోపలి కాగితం మీద నా ఆరు పాటలు, ఒక్కోదాని ఎదురుగా, దాని కాళ్లు ఏ అమెరికా బ్యాండువో ఆ పేరు. రెండుచోట్ల ప్రశ్నార్థకం. తన వేళ్లను తనూ అనుమానించాడన్నమాట. నన్ను క్షమించాడో, నా తప్పుకి సాక్ష్యంగా దాచిపెట్టాడో ఇప్పటికీ తేల్చుకోలేను.

"చెరిపింది నేనే అత్తయ్యా. అప్పుడు నీమీదకి నెట్టాను."

"తెలుసులే. పెట్టు, విందాం," అని వంటింట్లోకి వెళ్లింది.

ఆరో పాట సగంలో తెగింది. గరగర. ఆ తర్వాత నేను చెరపని ముక్కలో, ఎవరో నింపాదిగా బేస్ వాయిస్తున్నారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. తొంగిచూస్తే, అటు తిరిగి నిలబడ్డ అత్తయ్య మడమ నేలమీద మెల్లగా లేచి పడుతోంది.