డాక్టరుగారికి చేసిన ఫోను

ఒక్క ఫోనుతో రెండు ఊళ్లలో పరువు పోగొట్టుకున్న మనిషిని మీరు చూసి ఉండరు. నన్ను చూడండి.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతికీ రాని రోజులవి. చిన్నప్పటి నుంచీ నాకు ఫిట్స్. మాత్రలు మానకపోతే రావు. ఆ సంగతి దాచకుండానే తెనాలి నుంచి బాపట్లకు పెళ్లిచేసి పంపారు. నా బి.ఇడి. అయ్యేదాకా పిల్లలు వద్దని మా ఆయనా నేనూ అనుకున్నాం. అందుకు ఆయన మాత్రలు తెచ్చారు. అవి ఫిట్స్ మాత్రలతో పడతాయో లేదో మాకు తెలియదు. పుట్టింట్లో నా జబ్బు గురించి పూటకోసారి మాట్లాడేవాళ్లు. కాపురం గురించి మాత్రం పెళ్లిలో పంతులుగారు సంస్కృతంలో చెప్పిందే.

అత్తగారింట్లో ఫోను హాల్లో, సరిగ్గా ఆవిడ కుర్చీ పక్కన ఉండేది. అందుకని ఎస్టీడీ బూత్‌కు వెళ్లి, తెనాలిలో మా డాక్టరుగారికి నంబరు నొక్కాను. అవతల "హలో" అనగానే, మీటరు తిరుగుతోందన్న కంగారులో, గర్భం రాకుండా వాడే మాత్రల పేరుతో సహా నా సందేహమంతా ఒక్క గుక్కలో అప్పజెప్పాను.

క్రాసింగు దాటి కదిలిన పాసింజరు బండిలా అవతలి గొంతు మెల్లగా వచ్చింది.

"అమ్మాయ్, నేను నాన్నని."

వేలు అలవాటుకొద్దీ పుట్టింటి నంబరు నొక్కేసింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అమ్మను అడగలేక, డాక్టరును అడగబోయి, నాన్నను అడిగాను. ఫోను పెట్టేయబోతుంటే ఆయనే అన్నారు, "ఆ మాత్ర పేరు ఇంకోసారి చెప్పమ్మా. నేను కనుక్కుంటాను."

మర్నాడు నాన్న అరటిపళ్లతో హాల్లో ప్రత్యక్షమయ్యారు. ఫ్యాను వంక చూస్తూ, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పారు. నా ఫిట్స్ మందు ఆ మాత్రల బలాన్ని తగ్గిస్తుందట. ఫిట్స్ మందు మాత్రం మానొద్దట. వేరే పద్ధతి చెబుతాను, ఇద్దరూ రండి అన్నారట డాక్టరుగారు. మా ఆయన పేపరు వెనక్కి వెళ్లిపోయారు. నేను అత్తగారి ముఖం చూడలేక నేల చూశాను.

ఆవిడ అంతా విని నిట్టూర్చారు.

"మంచి పని చేశారు అన్నయ్యగారూ. మా రోజుల్లో ఇట్టా కనుక్కొచ్చేవాళ్లు లేకేనండి, ముగ్గురు చాలనుకుంటే నలుగురయ్యారు."

నాలుగోవాడు పేపరు వెనక దగ్గాడు.

ఆ రోజే తెనాలి, బాపట్ల, మధ్యనున్న రైలు పట్టాల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: అవతల ఉన్నది ఎవరో తేలేదాకా, నమస్కారం తప్ప ఒక్క ముక్క మాట్లాడను.