నొప్పి ఎక్కడో నా చేతికి తెలిసింది

రెండు నెలలుగా కుంటుతున్న మా అత్తయ్యను ఈ రోజు సింగపూర్‌లో మా ఇంటి దగ్గరి బిషాన్‌లో ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాను. ఫిజియో చైనీస్ అమ్మాయి. అత్తయ్య కాళ్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, చీలమండ ఎముక వెనక, కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్ వెంబడి బొటనవేలితో నొక్కుతూ వెళ్లింది. నొక్కిన ప్రతిచోటా "పెయిన్, ఆంటీ?" అని అడిగింది.

"నో పెయిన్, నో పెయిన్" అంటూ అత్తయ్య నవ్వుతున్నారు. పక్కనే నిలబడ్డ నా చెయ్యి మాత్రం ఆవిడ గుప్పిట్లో నలిగిపోతోంది. ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తమంటే రెండోసారికే ఆగిపోయారు. అయినా "నో పెయిన్".

నాకు ఒళ్లు మండింది. "ఎందుకత్తయ్యా అబద్ధం?" అన్నాను.

"పాపం, ఇందాకట్నుంచీ నా కాళ్ల దగ్గరే కూర్చుని అంత ఓపిగ్గా నొక్కుతోందా? ఇంకా తగ్గలేదంటే చిన్నబుచ్చుకోదూ?"

అత్తయ్య ఆ పరీక్షనే వైద్యం అనుకుంటున్నారని అప్పుడు అర్థమైంది. ఆ మాట చెబితే ఫిజియో పడీపడీ నవ్వింది. "ఓకే లా, ఐ ఆస్క్ యూ" అని సింగపూర్ ఇంగ్లీషులో అంటూ మళ్లీ మొదటినుంచి నొక్కింది, ఈసారి నా మొహం చూస్తూ. అత్తయ్య పట్టు బిగిసినప్పుడల్లా "ఇక్కడ కొంచెం, ఇక్కడ చాలా" అని నేనే చెప్పాను. నొప్పి చోటు దొరికింది.

ఇంటికొచ్చాక అత్తయ్య కందిన నా వేళ్లు చూసి, కొబ్బరినూనె తెచ్చి రాస్తూ అడిగారు, "నొప్పిగా ఉందా?" అని.

లేదన్నాను. మీరైతే ఏమనేవారు?