మంచులో పెట్టని ఫ్లాస్కు

సెప్టెంబరు నాలుగు, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. రసాయన ప్రయోగశాలలో చివరి బల్ల దగ్గర ఒకామె వేడి ఫ్లాస్కును గుడ్డతో పట్టుకుని దించింది. జీవశాస్త్రం రెండో సంవత్సరం విద్యార్థిని. తోటివారికన్నా ఎనిమిదేళ్లు పెద్దది. సాయంత్రాలు బిస్కట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. అక్కడ అందరూ ఆమెను ప్రొఫెసరమ్మ అంటారు. ఆ పిలుపులో వెటకారమెంతో అభిమానమెంతో ఆమె ఎప్పుడూ తూచి చూడలేదు.

జీవశాస్త్రం వాళ్లు సేంద్రియ రసాయన శాస్త్రాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. చిన్న కోర్సు ఒక్క సెమిస్టరు. ప్రయోగాలు లేవు, డిగ్రీకి అది చాలు. పెద్ద కోర్సు రెండు సెమిస్టర్లు. వారానికి రెండు మధ్యాహ్నాలు ప్రయోగశాలలోనే గడపాలి. ఎంజైముల మీద పై చదువు కావాలంటే పెద్దదే తప్పనిసరి. ఆమెకు కావలసింది ఆ పై చదువే. ఏదో ఒకటి తేల్చి సంతకం చేయడానికి శుక్రవారం సాయంత్రం దాకా గడువుంది. ఈలోగా పెద్ద కోర్సులో కూర్చుని చూడనిస్తారు.

మంగళవారం కూర్చుంది. మలినాలు కలిసిన బెంజోయిక్ ఆమ్లాన్ని మరిగే నీటిలో కరిగించి, వడకట్టి, చల్లార్చి, తిరిగి స్ఫటికాలుగా రాబట్టాలి. శుద్ధమైనదైతే నూట ఇరవై రెండు డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది. ఆమెది నూట పన్నెండు దగ్గరే చెమర్చి, నూట పద్దెనిమిది దాకా నసుగుతూ కరిగింది.

“వేడిగా ఉండగానే మంచులో పెట్టేశావు కదూ?” అంది ప్రయోగశాల మేడమ్.

“నాలుగున్నర బస్సు అందుకోవాలి మేడమ్.”

“బస్సు నీకుందమ్మా, స్ఫటికానికి లేదు. తొందరపెడితే మురికిని కడుపులో పెట్టుకునే గడ్డకడుతుంది. ముందు దానంతటది చల్లారాలి. గురువారం ల్యాబు ఖాళీయే, మళ్లీ చేసుకో.”

అందుకే ఈ రోజు వచ్చింది. ఫ్లాస్కును చెక్కపలక మీద ఉంచింది. మంచు డబ్బా పక్కనే ఉంది. నాలుగింటిదాకా చూసి, అప్పటికీ చల్లారకపోతే మంచులో పెట్టేద్దామనుకుంది. గోడకు వీపు ఆన్చింది. ముందురోజు రాత్రంతా, ఆయాసంతో పడుకోలేకపోయిన పిన్నిని ఒళ్లో ఆనించుకుని కూర్చుంది. తనను పెంచిన పిన్నికి ఇప్పుడు తనూ తన జీతమూ తప్ప వేరే ఆధారం లేదు.

ఫోను మోగి మెలకువ వచ్చేసరికి కిటికీలోని ఎండ బల్ల దిగి నేల మీదికి చేరింది. డబ్బాలో మంచు నీరైపోయింది.

“ఏం ప్రొఫెసరమ్మా, బిస్కట్లు వాటంతటవే డబ్బాల్లోకి దూకుతాయనుకున్నావా?” అన్నాడు ప్యాకింగు సూపర్‌వైజరు.

“నిద్రపట్టేసిందన్నా.”

“నాకు నీ మీద కోపమేం లేదు. కానీ ఇంకొక్కసారి ఆలస్యమైతే పొద్దుటి షిఫ్టులో వేసేస్తారు. నా చేతిలో లేదు.”

పొద్దుటి షిఫ్టు అంటే ఏ కోర్సూ లేనట్టే. ఫోను పక్కన పెట్టి ఫ్లాస్కు వైపు చూసింది. అడుగు నుంచి పొడవాటి తెల్లని సూదులు లేచి ఉన్నాయి. వాటిని వడకట్టి, తేమ పీల్చే జాడీలో ఆరబెట్టి, పరుగున వెళ్లింది.

శుక్రవారం పొద్దున్న పిన్ని అడిగింది.

“ఏది తీసుకుంటున్నావే?”

“ఇంకా తేల్చుకోలేదు పిన్నీ.”

“పెద్దదే తీసుకో. నాకేం, గోడ పట్టుకుని తిరుగుతాను.” ఆ నాలుగు మాటలకే రెండుసార్లు ఊపిరి కోసం ఆగింది.

మధ్యాహ్నం ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా తల ఎత్తలేదు. “చిన్నదా, పెద్దదా? త్వరగా చెప్పు తల్లీ, వెనక జనం ఉన్నారు.”

“చిన్నది” అంది. సంతకం చేసింది. అక్కణ్ణించి నేరుగా ప్రయోగశాలకు వెళ్లింది.

“చిన్నది తీసుకున్నావా?” ఆమె ముఖం చూసి మేడమ్ అడిగింది. “మరి ఇప్పుడిదెందుకు?”

“ఎండి ఉంటాయి మేడమ్. చూసి వెళ్తాను.”

“బస్సో?”

“ఇంకా టైముంది.”

సన్నని గాజు గొట్టంలోకి చిటికెడు స్ఫటికాలు దింపి, మెల్లగా వేడిచేసింది. సూదులు చాలాసేపు కదలలేదు. తర్వాత అన్నీ ఒక్కసారిగా తేట ద్రవమయ్యాయి. ఆమె థర్మామీటరు మీదికి వంగి, పైకి చదివింది.

నూట ఇరవై రెండు.