లాజరుకు తేనెనీళ్ళు

ఎవంథియా పట్టిన కుందేటికి మూడే కాళ్ళని గ్రీసు దేశపు కోస్ దీవిలోని ఆ కొండ ఊళ్ళో అందరికీ తెలుసు. పెళ్ళీ పెటాకులూ లేకుండా, టొమాటో ఫ్యాక్టరీలో పనిచేసి, ఎవరికీ తలవంచకుండా బతికిన మనిషి. ఇప్పుడు చర్చి పక్క గదిలో పిల్లలకు బైబిలు కథలు చెబుతుంది. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజు మాత్రం కథను నోటితో కాదు, పిండితో చెబుతుంది.

ఆ శనివారం, యేసు పిలిస్తే సమాధిలోంచి లేచి వచ్చిన లాజరుది. ప్రతి పిల్లా పిల్లాడూ పిండితో ఒక లాజరును చేయాలి. శవానికి కట్టినట్టు చేతులు రొమ్ము మీద అడ్డంగా పెట్టాలి, కళ్ళకు లవంగాలు గుచ్చాలి. లాజరును చేయని ఇంటికి ఏడాదంతా రొట్టె కరువే అంటారు. ఈస్టరు ఉపవాసం ఇంకా నడుస్తుంటుంది కాబట్టి గుడ్డూ పాలూ వెన్నా ఆ గది గడప కూడా దాటకూడదు.

తమ్ముడితో మాటలు పోయింది ఆ గుడ్డు దగ్గరే. ఆవిడ తమ్ముడి పేరూ లాజరే, ఊరి రొట్టెల కొట్టు అతనిది. కొన్నేళ్ళ కిందట ఇదే రోజున అతను పళ్ళెం నిండా నిగనిగలాడే లాజరు రొట్టెలు చర్చి మెట్ల దగ్గరికి తెచ్చాడు. గుడ్డుసొన పూస్తేనే రొట్టెకు ఆ మెరుపు వస్తుందనుకుని, ఎవంథియా ఊరంతా వినేలా అరిచింది.

"ఉపవాసంలో పిల్లల నోట్లో గుడ్డు పెడతావట్రా? అమ్మ కడుపున చెడబుట్టావు."

"గుడ్డు కాదక్కా, తేనెనీళ్ళు."

"తేనె రాస్తే ఇలా మెరుస్తుందా? నాకే చెప్పొచ్చావు."

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆవిడ నోటి పుణ్యమా అని ఆ ఈస్టరుకు అతని రొట్టె కొన్నవాళ్ళే లేరు. అతను ఆవిడతో మళ్ళీ మాట్లాడలేదు. నిరుడు గుండె జబ్బుతో కొట్టు మూసేశాడు, మొన్ననే ఏథెన్సు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. ఈ శనివారం లాజరు పేరున్న వాళ్ళందరికీ పండుగే. పిలవకపోయినా ఊరంతా వెళ్ళి పలకరిస్తుంది. ఈసారైనా వెళ్ళాలని ఎవంథియా మనసు పీకుతూనే ఉంది. వాడికేమైనా అయితే అన్న భయమూ ఉంది. కానీ తప్పు వాడిదైతే నేనెందుకు గడప తొక్కాలి అన్న పంతం ఆవిడ కాళ్ళు పట్టుకు లాగుతోంది.

ఆ పొద్దున పిల్లలు పిండి పిసుకుతుంటే ఆవిడ చిరాకంతా వాళ్ళ మీదే చూపించింది.

"నా లాజరు పొట్ట చూడు అత్తా," అంది పెలాగియా అనే వసపిట్ట.

"నాలుగు రోజులు సమాధిలో ఉన్నవాడికి పొట్టెక్కడిదే? తీసెయ్."

"పోయే ముందు బాగా తిన్నాడేమో."

పిల్లలు పకపకా నవ్వారు. ఎవంథియా రొట్టెలు పొయ్యిలో కాల్చి, తీసి బల్ల మీద పెట్టి, ఫాదరు పిలిస్తే బయటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పెలాగియా చేతిలో కుంచె ఉంది. బల్ల మీద లాజర్లన్నీ నిగనిగలాడుతున్నాయి. అచ్చం ఆనాటి పళ్ళెంలోలాగే.

"ఏం రాశావే?"

"టీలోకి పెట్టిన తేనె. నీళ్ళు కలిపి వేడి మీద రాశాను. పాపం, ఎండిపోయినట్టున్నారని."

"నిజం చెప్పు. గుడ్డేగా?"

"ఇక్కడ గుడ్డెక్కడిది అత్తా? నువ్వే రానివ్వవుగా."

ఎవంథియా వేలితో తడిమి నాలుక మీద పెట్టుకుంది. తేనే. బెంచీ మీద కూలబడి, "నా నోరు పడిపోను," అంది మెల్లగా. పిల్లలు తిట్లకోసం ఎదురుచూస్తున్నారు. ఆవిడ పెలాగియా చేసిన బొజ్జ లాజరును అడిగి తీసుకుని, గుడ్డలో చుట్టి, కిందివీధికి బయలుదేరింది.

తమ్ముడు వాకిట్లో కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. అక్క మొహం చూడకుండా రొట్టెకేసి చూశాడు.

"గుడ్డు రాశావా?"

"తేనెనీళ్ళురా."

"తేనె రాస్తే ఇలా మెరుస్తుందా?"

ఆవిడకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మెరుస్తుందిరా. తప్పు నాదే."

"నాకు చెబితే ఏం లాభం? అప్పుడు చెప్పింది ఊరికి కదా."

ఎవంథియా రొట్టె అతని ఒళ్ళో పెట్టి వచ్చేసింది. ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ప్రార్థన ముగిసి జనం మట్టలు పట్టుకుని బయటికి వస్తుంటే, ఆవిడ అవే మెట్ల మీద నిలబడింది.

"ఆనాడు నా తమ్ముడు రాసింది గుడ్డు కాదు, తేనెనీళ్ళు. నేను అన్యాయంగా అన్నాను."

జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. వాళ్ళ వెనక నుంచి, చేతికర్ర ఆనించుకుని నిలబడ్డ మనిషి గొంతు వినిపించింది.

"సరిగ్గా వినపడలేదక్కా. ఇంకొంచెం గట్టిగా చెప్పు."

ఇన్నేళ్ళకు అక్కా అన్న ఆ పిలుపు విని ఆవిడకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మోచేత్తో మొహం తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.