సగంలో నిలబడ్డ ముల్లు

వేడిని చూపించే ముల్లు ఎంత కిందుంటే కారు అంత ఆరోగ్యమని నేను చాలా ఏళ్లు నమ్మాను. నమ్మి ఊరుకున్నా పోయేది, గర్వపడ్డాను కూడా. ఆ కారు నాకు మా షడ్డకుడి నుంచి వచ్చింది. నా భార్య అక్కను చేసుకున్నాయన. కొత్త బండి కొంటూ పాతదాన్ని నాకు అంటగట్టాడు. చిత్తూరు ఎండల్లో కూడా దాని ముల్లు అట్టడుగు గీత దాటేది కాదు. "బండికి యజమాని బుద్ధే వచ్చింది, ఎంత రెచ్చగొట్టినా వేడెక్కదు" అని ఆఫీసులో చెప్పుకునేవాడిని. అది లేవని ముల్లు కాదు, లేవనివ్వని ముల్లు అని నాకు తట్టలేదు.

ఒక వేసవిలో చిత్తూరులోని అత్తగారింటి నుంచి తిరుపతికి తిరిగి వస్తుంటే, పాకాల దాటాక బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. రేడియేటరుకు చిల్లు. చిల్లు పడటానికి అది చాలా చెడ్డ సమయం. ఆ నెలలోనే మా మామను కొండకు తీసుకెళ్లాలి. మోకాలి ఆపరేషన్ తర్వాత మళ్లీ నడిస్తే తలనీలాలు ఇస్తానని ఆయన మొక్కుకున్నాడు. కాలు చాపుకోవడానికి నా కారు ముందు సీటే వీలుగా ఉంటుందని ఆయనే నోరు తెరిచి అన్నాడు. ఇద్దరు అల్లుళ్ల పోటీలో నేను గెలవడం అదే మొదలు.

తిరుపతిలో మెకానిక్ రేడియేటరు, నీళ్ల పంపు, రబ్బరు గొట్టాలు మార్చాడు. బండి అప్పగిస్తూ ఒక మాట చెప్పాడు.

"నీళ్లు పొయ్యే దోవలో ఒక వాల్వు ఉండాల సార్. దీంట్లో లేదు, ఎవురో పీకేసినారు. కొత్తది ఏసినా."

నేను తల ఊపాను. తెలియని విషయానికి తల ఊపడంలో నాది అందెవేసిన తల. ఆ వాల్వు ఏం చేస్తుందని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

మర్నాడు బండి తీసి ఊరు దాటేలోపే ముల్లు లేచింది. లేచి, సరిగ్గా సగం దగ్గర నిలబడింది. రోగం ఉన్నన్నాళ్లూ లేని జ్వరం వైద్యం అయ్యాక వచ్చింది! నేను రోడ్డు పక్కకు లాగి బానెట్ ఎత్తాను. స్కూటరు మీద పోతున్న పెద్దాయన ఒకరు ఆగాడు.

"ఏమప్పా, పొగొస్తాండాదా?"

"లేదు."

"మరెందుకు ఎత్తినావు?"

"వస్తుందేమోనని."

ఆయన నన్ను ఒకసారి, ఇంజన్ను ఒకసారి చూసి, చెడింది ఏదో తేల్చుకున్నవాడిలా వెళ్లిపోయాడు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే "అది ఆడనే ఉండాల సార్" అన్నాడు. పని చేసినవాడు తన పని బాగాలేదంటాడా? నేను నమ్మలేదు. నమ్మదగిన మనిషి కోసం మా షడ్డకుడి దగ్గరికి పోయాను.

ఆయనకు తెలియని విషయం లేదు. తెలిసిన విషయం ఏదో మాకింకా తెలియలేదు.

"ఆ వాల్వు పీకించింది నేనేనప్పా!" అన్నాడు ఆయన. "మన సీమ ఎండకు అదెందుకు? సలిదేశమోళ్ల కోసం పెట్టింది. అడ్డం తీసేస్తే నీళ్లు వాటి దోవన అవి పోతాయి, ఇంజను సల్లగుంటాది. మనూళ్లో అందురూ సేసేది అదే. వాడు మళ్లా పెట్టినాడా? బండిని సంపేసినాడు పో."

"ఇప్పుడు ఏం చెయ్యాలన్నా?"

"ఏసీ ఆపి, అద్దాలెత్తేసి, హీటరు పెట్టు. ఇంజనులో ఉండే వేడంతా లోపలికి లాగేస్తాది."

మే నెల మిట్టమధ్యాహ్నం నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఆ సలహా పాటించాను. ఇడ్లీ పాత్రలో పిండి ఏమనుకుంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

"ఏమయ్యా, ముల్లు దిగిందా?" అంది ఆమె, చెంగుతో మెడ తుడుచుకుంటూ.

"లేదు."

"అయితే నన్ను దించేయ్. బస్సులో వస్తా. నువ్వూ నీ ముల్లూ మెల్లంగా రాండి."

షడ్డకుడు నాకు సలహా ఇచ్చి ఊరుకోలేదు, మామకు కబురు కూడా ఇచ్చాడు. ఆ సాయంత్రమే మామ ఫోన్ చేశాడు.

"అల్లుడా, బండికి జొరమంట గదా. కొండ మద్దిలో నిలబెడితే ఈ కాలితో నేను నడవలేనప్పా. పెద్దల్లుడి బండిలో పోతాలే."

మీటరులోని ముల్లు ఆ రోజు నుంచి నా కంట్లో ముల్లయింది.

తర్వాతి వారం శ్రీకాళహస్తిలో పెళ్లి. షడ్డకుడి కొత్త బండిలోనే పోయాం. ముందు సీట్లో కూర్చున్న నాకు వేరే పని లేక, అలవాటు కొద్దీ ఆయన మీటరు చూశాను. ముల్లు సరిగ్గా సగంలో ఉంది. స్వర్ణముఖి వంతెన దాకా చూస్తూనే ఉన్నాను, వెంట్రుకవాసి కదల్లేదు.

"అన్నా, మీ ముల్లు కూడా సగంలోనే ఉండాదే?"

"అది కొత్త బండప్పా. అట్లనే ఉంటాది."

ఒకే ముల్లు, ఒకే చోటు. కొత్త బండిలో హుందాతనం, పాత బండిలో జ్వరం. తిరిగొచ్చాక మొదటిసారి మెకానిక్ దగ్గరికి వెళ్లి తల ఊపకుండా అడిగాను. ఇంజనుకూ ఒంటికిలాగే ఉండవలసిన వేడి ఒకటుందట, ముల్లు సగంలో నిలబడటమే దానికి గుర్తట. అది వచ్చేదాకా వాల్వు మూసుకుని ఉంటుంది, వచ్చాక తెరుచుకుంటుంది. ఇన్నేళ్లూ నా బండి చల్లగా లేదు, చలితో వణికింది. నేను దాన్నే శాంతస్వభావం అనుకున్నాను.

మామను రెండు బండ్లలోనూ కూర్చోబెట్టి ఊరంతా తిప్పాను. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండు మీటర్లూ చూశాడు.

"రెండూ ఒగే కాడ ఉండాయి గదప్పా! అయితే నా కాలు యాడ సాగితే ఆడ కూసుంటా."

షడ్డకుడి ముఖం చిన్నబోయింది. "అట్లయితే నేనూ దాంట్లోనే వస్తా," అన్నాడు. "ఎవురో ఒగరు ముల్లును కనిపెట్టుకోని ఉండాల గదా."

కొండెక్కుతున్నంతసేపూ ఆయన వెనక సీట్లో నా భార్య పక్కన కూర్చుని, మామకూ నాకూ మధ్యకు తల దూరుస్తూనే ఉన్నాడు. ప్రతి మలుపులోనూ "లేస్తాండాది, లేస్తాండాది!" అని ఒకటే కేక. చివరికి మామకే వేడెక్కింది.

"గమ్మునుండప్పా. నన్ను గోవిందా అననీ."

కారు ఆగకుండా ఎక్కింది. మామకు గుండు అయింది, నాకు గుండె కుదుటపడింది. దర్శనం అయ్యాక మామ, నా భార్య ఆ రాత్రికి కొండమీదే ఉంటామన్నారు. మేమిద్దరం మాత్రం ఎండ మండుతుండగానే కిందికి బయలుదేరాం. షడ్డకుడు పట్టుపంచె, పట్టుచొక్కాతో ముందు సీట్లో కూర్చుని, కూర్చోగానే మీటరు చూశాడు.

"సూడు, దిగేటప్పుడు గూడా సగంలోనే ఉండాది. నేను సెప్పలా?"

"నిజమే అన్నా, నాకూ భయంగానే ఉండాది," అన్నాను.

ఏసీ ఆపాను. అద్దాలన్నీ ఎత్తాను, ఆ మీటలకు తాళం నా వైపు తలుపుకే ఉంది. హీటరు పూర్తిగా తిప్పాను. రెండో మలుపుకు ఆయన పట్టుచొక్కా వీపుకు అంటుకుంది. నాకూ చెమటలు కారాయి కానీ, నాకు ఆ విద్యలో ముందే శిక్షణ అయింది.

"ఇంక సాలప్పా," అన్నాడు ఆయన, కండువాతో ముఖం తుడుచుకుంటూ. "ముల్లు బాగానే ఉండాది. దాని సోటే అది."

"వద్దన్నా. పాత బండి, మనం జాగ్రత్తలో ఉండాల," అని అలిపిరి వచ్చేదాకా హీటరు ఆపలేదు.